తాళం పడ్డ ఫోన్లు

2004, 2005 ప్రాంతం. అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇళ్లు అప్పటికే చాలా ఉన్నాయి. సంక్రాంతికో చెల్లెలి పెళ్లికో వచ్చిన అబ్బాయి సూట్‌కేసు విప్పితే ముందు చాక్లెట్లు, తర్వాత సెంటు సీసాలు, అమ్మకు విటమిన్ మాత్రల డబ్బా వచ్చేవి. అట్టడుగున సాక్సులో జాగ్రత్తగా చుట్టిన సెల్‌ఫోను. అది నాన్నకి.

నాన్న మొహం వెలిగిపోయేది. అబ్బాయి విమానం ఎక్కేదాకా దాన్ని బీరువాలోనే దాచేవారు. ఆ తర్వాత ఓ మంచిరోజు చూసి, తన పాత ఫోనులోని సిమ్ తీసి కొత్తదాంట్లో వేసేవారు. బ్యాటరీ పెట్టి మూత బిగించి మీట నొక్కితే తెర మీద ఒకే ఒక్క మాట... ఈ సిమ్‌ను అంగీకరించం అని! తీసి, తుడిచి, మళ్లీ పెట్టినా అదే మాట. సిమ్‌దే తప్పనుకుని పక్కింటివాళ్ల సిమ్ అడిగి వేస్తే దానికీ అదే జవాబు.

సాయంత్రానికి ఆ పెద్దాయన, జేబురుమాలులో ఫోనుతో, చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీదో నారాయణగూడ చౌరస్తా దగ్గరో ఒక చిన్న దుకాణం ముందు నిలబడేవారు. ఆరడుగుల వెడల్పు ఉంటుందేమో ఆ దుకాణం. గాజు కౌంటరులో రంగురంగుల ఫోను కవర్లు, గోడకు రీఛార్జి కూపన్ల పోస్టర్లు. కౌంటరు వెనక టేబుల్‌ లైటు కింద తలవంచుకుని కూర్చున్న ఇరవై ఏళ్ల కుర్రాడు.

“అంకుల్, ఇది లాకుడు పీసు. అమెరికా నుంచి వచ్చిందా?”

“అవును బాబూ, మా వాడు తెచ్చాడు. ఖరీదైందట.”

“మంచి పీసే. అన్‌లాక్ కొట్టాలె. రేపు సాయంత్రం రండి.”

మర్నాడు వెళ్తే తాళం తీసేసి ఉండేది. డబ్బులిచ్చి ఇంటికొచ్చేవారు. సిమ్‌ను ఈసారి కాదనలేదు. కానీ సిగ్నలు? ఒక్క గీత కూడా లేదు! డాబా ఎక్కినా లేదు. మళ్లీ దుకాణానికి పరుగు. కుర్రాడు ఫోను వెనక అట్ట తిప్పి చూసి నాలిక కరుచుకునేవాడు. “తాళమైతే తీసిన అంకుల్. దీంట్ల మన బ్యాండే లేదు.”

సంగతేమిటంటే, మన దేశంలో జీఎస్ఎం ఫోన్లు నడిచింది 900, 1800 మెగాహెర్ట్జ్ తరంగాల మీద. అమెరికాలో నడిచింది 850, 1900 మీద. ఆ రోజుల్లో అక్కడి మామూలు ఫోన్లు చాలావాటికి అక్కడి తరంగాలే వినిపించేవి. తాళం తీయడమంటే అక్కడి కంపెనీ సిమ్ తప్ప వేరేది ఒప్పుకోనన్న పట్టు వదిలించడం మాత్రమే. చెవిటివాడి కాళ్లకున్న గొలుసు విప్పితే చెవులు వినపడతాయా? మూడు, నాలుగు బ్యాండ్ల ఫోను అయితేనే ఇక్కడ పలికేది. ఇక అక్కడి సీడీఎంఏ కంపెనీల ఫోను అయితే అసలు సిమ్ పెట్టే చోటే ఉండేది కాదు. ఆ ఫోన్లు చాలా ఇళ్లలో మనవల చేతి ఆటబొమ్మలయ్యాయి. అబ్బాయి ఫోన్ చేసి “నాన్నా, సెల్లు ఎలా ఉంది?” అంటే, “బ్రహ్మాండంగా ఉందిరా” అని ల్యాండ్‌లైన్లో జవాబు చెప్పిన తండ్రులు తక్కువేం కాదు.

ఇంతకీ డబ్బులిచ్చి కొన్న వస్తువుకు కంపెనీవాడు తాళం వేయడమేమిటి? అది పూర్తిగా కొన్నది కాదు కాబట్టి. అమెరికాలో సెల్ కంపెనీలు రెండేళ్లు మా దగ్గరే ఉంటానని సంతకం పెట్టించుకుని ఫోనును చవగ్గా ఇచ్చేవి, కొన్నిసార్లు ఊరికే ఇచ్చేవి. తగ్గించిన ధరను నెలనెలా బిల్లులో రాబట్టుకునేవి. మధ్యలో పారిపోకుండా తాళం. మన దగ్గర ఈ పద్ధతి పెద్దగా పాతుకోలేదు. ఫోను ఒకచోట, సిమ్ ఒకచోట కొనుక్కోవడమే అలవాటు. 1995 జూలై 31న జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో దేశంలో మొదటి సెల్‌ఫోను మాట మాట్లాడిన తర్వాత, కొన్నేళ్ల పాటు సెల్లంటే షావుకార్ల వస్తువే. నిమిషానికి ఎనిమిది రూపాయల పైచిలుకు, రద్దీ వేళ దానికి రెట్టింపు. ఎదుటివాళ్లు చేసినా మన జేబుకే చిల్లు. అందుకే మోగగానే నంబరు చూసి కట్ చేసి, వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తేవాళ్లు. ఇన్‌కమింగ్ ఉచితమైంది 2003లో.

అదే ఏడాది జూలైలో రిలయన్స్ వారి ‘మాన్‌సూన్ హంగామా’ వచ్చింది. ముందుగా 501 రూపాయలు కడితే చేతికి ఫోను! మిగతాది వాయిదాల మీద. ఆటోడ్రైవర్ల నుంచి మెస్ వంటవాళ్ల దాకా క్యూ కట్టారు. ఆ సీడీఎంఏ ఫోను ఆ ఒక్క కంపెనీ నెట్‌వర్కులో తప్ప ఇంకెక్కడా మాట్లాడదు. కొందరు బిల్లు చూసి గుండె పట్టుకుని కట్టడం మానేశారు. లైను తెగింది, ఫోను మిగిలింది. దాన్ని పట్టుకుని, “ఏదైనా చేసి వేరే సిమ్ వేయరాదా తమ్మీ” అని దుకాణాల చుట్టూ తిరిగినవాళ్లే ఈ ఊరికి ‘లాక్’ అనే మాటను మొదట నేర్పారనుకోవచ్చు.

ఆ కుర్రాడు మర్నాడు సాయంత్రానికల్లా తాళం ఎలా తీసేవాడు? అందులో మంత్రమేం లేదు. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ వరసగా నొక్కితే ఏ ఫోనులోనైనా 15 అంకెల నంబరు ఒకటి తెర మీదికి వస్తుంది. అది ఐఎంఈఐ, ఆ ఫోను పుట్టుమచ్చ. ఆనాటి నోకియా ఫోన్లలో తాళంచెవి అంకెలను ఆ నంబరు నుంచి, కంపెనీ కోడు నుంచి లెక్కకట్టేవారు. ఆ లెక్కను ఎవరో బుద్ధిమంతులు బయటపెట్టారు. కంప్యూటరులో ఆ చిన్న ప్రోగ్రాం ఉంటే అంకెలు వచ్చేవి, వాటిని ఫోనులో కొడితే తాళం ఊడేది. అయిదుసార్లు తప్పు కొడితే ఆ దారి మూసుకుపోయేది. అప్పుడు బ్యాటరీ కింద బంగారు రంగులో మెరిసే చిన్న చిన్న చుక్కలకు కేబులు తగిలించి, ‘బాక్స్’ అనే అగ్గిపెట్టెకు అన్నలాంటి డబ్బాను కంప్యూటరుకు కలిపి, లోపలి సాఫ్ట్‌వేరునే మార్చేవారు. దుకాణాల భాషలో దీనిపేరు ‘ఫ్లాషింగ్’. బాక్సు కొనడమంటే కుర్రాడికి నెలల సంపాదన. ఒకడి దగ్గర ఉంటే చుట్టుపక్కల నలుగురూ ఫోన్లు వాడికే తెచ్చేవారు. చిక్కడపల్లిలో కాని పని ఏదైనా ఉంటే నారాయణగూడ దాటి అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు వెళ్లేది. అక్కడ కానిది ఇంకెక్కడా కాదని నమ్మకం. విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. టేపురికార్డర్లు బాగుచేసిన చేతులే అక్కడ సెల్లుల్లోకి మళ్లాయి.

2007 జూన్ 29న అమెరికాలో ఐఫోను వచ్చినప్పుడు ఈ కథంతా మళ్లీ మొదలైంది. అది ఏటీ అండ్ టీ వారి తాళంతో వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే న్యూజెర్సీలో జార్జ్ హాట్జ్ అనే 17 ఏళ్ల కుర్రాడు సోల్డరింగ్ రాడ్డుతో దాని తాళం తీసి చూపించాడు. తాళం తీసిన ఆ ఫోనును ఒకాయనకు ఇచ్చి, బదులుగా నిస్సాన్ కారు ఒకటి, మూడు కొత్త ఐఫోన్లు తీసుకున్నాడు. మన దేశంలో ఐఫోను అధికారికంగా అమ్మకానికి వచ్చింది 2008 ఆగస్టు 22న. 8 జీబీది 31 వేల రూపాయలు. సాక్సుల్లో చుట్టుకుని వచ్చినవి అంతకుముందే హైదరాబాదు చేరాయి. వాటికి తాళం తీసిన కుర్రాళ్లకు మాత్రం ఎవరూ కార్లివ్వలేదు!

కొన్న ఫోనుకు తాళం తీసుకోవడం తప్పా ఒప్పా అన్నది అమెరికావాళ్లు కూడా చాన్నాళ్లు తేల్చుకోలేదు. 2006లో తప్పు కాదన్నారు. 2013 జనవరిలో కంపెనీ అనుమతి లేకుండా కొత్త ఫోన్లకు తీయకూడదన్నారు. జనం గోల పెడితే 2014 ఆగస్టు 1న ఏకంగా చట్టం చేసి మళ్లీ సరేనన్నారు. మన వీధి దుకాణాల్లో ఈ చర్చ ఎప్పుడూ జరగలేదు. వస్తువు మనదైతే తాళం మనదే... అంతే. ఆ న్యాయంలో తప్పు పట్టాల్సింది పెద్దగా లేదు కూడా.

నిజానికి దుకాణం నడిచేది తాళాలతో కాదు, మరమ్మతులతో. వానాకాలం వస్తే నీళ్లలో తడిసినవి, కాలేజీలు తెరిస్తే పగిలినవి. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తడిసిన ఫోను ఆన్ అవుతుందో లేదోనని మీట నొక్కి చూడటం, లేకపోతే ఛార్జింగ్ పెట్టడం. ఫోనును చంపేది నీళ్లకన్నా ఎక్కువగా ఆ నీళ్లలోంచి పారిన కరెంటే. బియ్యం డబ్బాలో పాతిపెట్టడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. బోర్డు మీద పచ్చగా చిలుము పట్టకముందే విప్పదీసి, స్పిరిట్ లాంటి ద్రావణంతో బ్రష్షు పెట్టి కడిగి, బ్లోయరు వేడిగాలితో ఆరబెట్టాలి. ఎక్కడ షార్ట్ అయిందో మీటరు పెట్టి వెతకాలి. వెంట్రుకంత రాగి తీగతో తెగిన దారిని అతికించే పనిని ‘జంపర్’ అంటారు. దాని ముందు కూర్చున్న కుర్రాడిని ఆ పది నిమిషాలు ఎవరూ పలకరించకూడదు. ఊపిరి కూడా పక్కకి తిరిగి వదులుతాడు. ఇంత పనిచేసి ఇచ్చాక, “దీనికి రెండొందలా?” అని బేరమాడేవాళ్లు ఉంటారు. కొత్త కవరు కొంటే మాత్రం మాట్లాడకుండా ఇస్తారు.

ఆ దుకాణాలకు పండగలా వచ్చిన రోజులూ ఉన్నాయి. 2007 ఆగస్టులో నోకియా కంపెనీ ఒక ప్రకటన చేసింది. 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య జపాన్‌కు చెందిన మత్సుషిత తయారుచేసిన బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగులో వేడెక్కే ప్రమాదముందని, మార్చి ఇస్తామని. మొత్తం 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు. ఆ వారం ఊరంతా ఒకటే పని. సిటీ బస్సులో, ఆఫీసు క్యాంటీనులో, సంధ్య థియేటరు క్యూలో సైతం ఫోను మూత తీసి బ్యాటరీ వెనక నంబరు చదవడమే. తలగడ కింద పెట్టుకుని పడుకునే అలవాటు కొందరికి ఆ వారం మాత్రం పోయింది.

తర్వాత చైనా ఫోన్లు వచ్చాయి. రెండు సిమ్‌లు, టీవీ, వీధంతా వినిపించే స్పీకరు, అయినా ధర చవక. వాటిలో చాలావాటికి ఐఎంఈఐ నంబరు లేదు. కొన్నిటికి అన్నీ సున్నాలే. దొంగ ఎవరో, దొర ఎవరో పోలీసులకు తెలిసే దారి లేదు. 2009 నవంబరు 30 తర్వాత నంబరు లేని ఫోన్లకు లైను ఆపేయాలని కేంద్రం ఆదేశించింది. అసలు నంబరు వేయించుకోవడానికి సెల్ కంపెనీల సంఘం ఒక ఏర్పాటు చేసింది, రుసుము 199 రూపాయలు. ఊరి దుకాణాల్లో కొందరు తమ సొంత ‘ఏర్పాటు’ చేశారు. ఒకే నంబరును పదిమంది ఫోన్లలో దించేశారు. కౌంటరు వెనక తలవంచుకుని పనిచేసే కుర్రాడికి గీత ఎక్కడుందో అప్పుడే మొదటిసారి తెలిసింది. కంపెనీ తాళం తీయడం ఒకటి. పుట్టుమచ్చ మార్చడం ఇంకొకటి. రెండో పని అడిగేవాడు సాధారణంగా ఆ ఫోను యజమాని కాదు.

ఇప్పుడా పనికి శిక్ష గట్టిదే. 2017లో నిబంధనలు వచ్చాయి. 2023 టెలికాం చట్టం ప్రకారమైతే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. పోగొట్టుకున్నవాళ్లకు ఒక దారి కూడా ఏర్పడింది. పోలీసులకు ఫిర్యాదు చేసి, కేంద్రం వారి సీఈఐఆర్‌లో ఐఎంఈఐ నమోదు చేస్తే దేశంలో ఏ నెట్‌వర్కులోనూ ఆ ఫోను పలకదు. ఎవరైనా అందులో సిమ్ వేస్తే కబురు పోలీసులకు అందుతుంది. తెలంగాణలో ఇది 2023 ఏప్రిల్‌లో ప్రయోగంగా మొదలై, మే నెలలో దేశమంతటికీ వచ్చింది. పాత ఫోను కొనేవాళ్లు కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు వేసి 14422కు మెసేజి పంపితే దాని జాతకం తెలుస్తుంది. చవగ్గా వస్తోందంటే కొనే ముందు రెండు నిమిషాలు ఈ పని చేయడం మేలు. చేతిలో బిల్లు లేకుండా, నంబరు చూడకుండా కొన్నవాళ్లే తర్వాత స్టేషనుకు వెళ్లి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

2020 ఫిబ్రవరి నుంచి ఈ దారిలో మెట్రో నడుస్తోంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు వరసగా వస్తాయి. దిగి నడిస్తే సెల్ దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి. గిరాకీ మారింది. అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఫోనే పుస్తకం, ఫోనే నోటిఫికేషను, ఇంటి నుంచి వచ్చే డబ్బుకు ఫోనే సంచి. సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు చదువుకునేవాడి ఫోను కింద పడి అద్దం పగిలితే, ఒరిజినల్ డిస్‌ప్లేనా, కాపీనా అని అడిగితే కళ్లు నేల చూస్తాయి. కాపీ వేయించుకుని, రెండు నెలల్లో గీతలు పడితే మళ్లీ వస్తాడు. కుర్రాడు కూడా ఇప్పుడు కుర్రాడు కాదు, కళ్లజోడు వచ్చింది. పనికోసం ఫోను ఇచ్చేటప్పుడు సిమ్, మెమరీ కార్డు తీసుకోమని తనే చెప్తాడు. ఫొటోలు, బ్యాంకు వివరాలు కనిపించకుండా చేసే మెయింటెనెన్స్ మోడ్ కొన్ని కొత్త ఫోన్లలో ఉంది. అది పెట్టి ఇస్తే ఇద్దరికీ నిశ్చింత.

తాళాలు కూడా మారాయి. అప్పట్లో తాళం కంపెనీది, ఇప్పుడు యజమానిది. నోకియా ఫోనుకు పెట్టుకున్న సెక్యూరిటీ కోడ్ మర్చిపోతే కేబులు తగిలించి అయిదు నిమిషాల్లో తీసేవారు, లోపలి నంబర్లన్నీ అలాగే ఉండేవి. 2013లో ఆపిల్, 2015లో గూగుల్ కొత్త పద్ధతి తెచ్చాయి. దొంగ ఫోను మొత్తం తుడిచేసినా, పాత యజమాని ఖాతా పాస్‌వర్డు అడుగుతుంది. పైగా లోపలి సమాచారం సంకేతాల్లో చుట్టి ఉంటుంది. చిప్పు ఊడదీసి చూసినా చెత్తే కనిపిస్తుంది. దొంగలకు ఇది పెద్ద దెబ్బ, సందేహం లేదు. అయితే ఆ దుకాణానికి వచ్చేవాళ్లలో దొంగలు తక్కువ.

ఇప్పుడు నెలకొకరైనా ఒక పనిమీద వస్తుంటారు. ఎక్కువగా ఆడవాళ్లు, పక్కన కూతురో అల్లుడో. కవరులోంచి ఫోను తీసి కౌంటరు మీద పెడతారు.

“మా వారిది బాబూ. పోయి నెలన్నర అయింది. దీని గీత ఎవరికీ తెలీదు.”

అందులో ఆయన ఫొటోలున్నాయి. మనవడితో మాట్లాడిన వీడియోలున్నాయి. చీటీ డబ్బు ఎవరి దగ్గర ఉందో, ఎల్‌ఐసీ ఎప్పుడు కట్టాలో కూడా అందులోనే ఉన్నాయి. కళ్లజోడు సర్దుకుని అతను మెల్లగా చెప్తాడు. గుర్తున్న పాస్‌వర్డులన్నీ వరసగా కొట్టవద్దు, ఎక్కువసార్లు తప్పితే గంటలకొద్దీ ఆపేస్తుంది. ఆయన కంప్యూటరు వాడేవారైతే అందులో ఖాతా తెరిచి ఉందేమో చూడండి, ఫొటోలు అక్కడికి చేరి ఉండొచ్చు. మరణ ధ్రువీకరణ పత్రంతో గూగుల్‌కు అర్జీ పెట్టుకునే పద్ధతి ఉంది, ఇస్తారో లేదో వాళ్లిష్టం. సిమ్‌ను మాత్రం వేరే ఫోనులో వేసి రీఛార్జి చేస్తూ ఉండండి, నంబరు పోతే బ్యాంకు మెసేజీలూ పోతాయి. బతికుండగానే ఒకరి పేరు రాసిపెట్టుకునే వీలు గూగుల్‌లో 2013 నుంచి, ఆపిల్‌లో 2021 నుంచి ఉంది. ఎంతమంది రాశారు? అది ఆమెతో అనడు, ఇప్పుడు అని లాభం లేదు.

“నువ్వే తీసెయ్యి బాబూ, ఎంతైనా ఇస్తాను.”

“తీయొచ్చమ్మా. మొత్తం తుడిచేస్తే ఫోను తెరుచుకుంటది. మీ దగ్గర ఆయన పాస్‌వర్డు ఉంటే వాడుకోవచ్చు కూడా. లోపల మాత్రం ఏం మిగలదు.”

కూతురు తల్లి వైపు చూస్తుంది. ఆమె చాలాసేపు ఏమీ అనదు. తర్వాత ఫోను దగ్గరకు తీసుకుని, పక్కనున్న ఛార్జింగ్ రంధ్రం చూపిస్తుంది.

“వద్దులే. ఛార్జింగ్ సరిగ్గా ఎక్కడం లేదు. అదొక్కటీ చేసివ్వు.”

పావుగంటలో కొత్త పిన్ను పడుతుంది. తీగ గుచ్చగానే తెర వెలుగుతుంది. తాళం గుర్తు, దాని వెనక యాదగిరిగుట్ట మెట్ల మీద మనవణ్ణి ఎత్తుకుని నిలబడ్డ పెద్దాయన. ఆమె డబ్బులిచ్చి, ఫోను చీరకొంగుకు తుడిచి, సంచిలో పెట్టుకుంటుంది.